ఎల్లేష్ చెవి, ట్యాపెట్ చప్పుడు

చిక్కడపల్లిలో ఎల్లేష్ మెకానిక్ షెడ్డుకు బోర్డు లేదు. అక్కర్లేదని ఆయన ఉద్దేశం. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా "చెవుల ఎల్లేష్ ఏడుంటడు?" అని ఎవరినడిగినా చూపిస్తారని ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ పేరు కూడా తనకు తానే పెట్టుకున్నదని ఇప్పుడు ఒప్పుకుంటాడు.

మహబూబ్‌నగర్ దిక్కు నుంచి అమ్మానాన్నలు కట్టుబడి పనికి వస్తే, పదమూడేళ్లప్పుడు వాళ్ల వెంట పట్నం చేరాడు. నారాయణగూడలో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చాడు. బైకు ఇంజన్ తలకాయలో రెండు వాల్వులుంటాయి. వాటికీ, వాటిని నొక్కే ట్యాపెట్లకూ నడుమ కాగితమంత సందు వదలాలి. సందు ఎక్కువైతే టకటక చప్పుడు. తక్కువైతే వాల్వు సరిగ్గా మూసుకోక కాలిపోతుంది. ఉస్తాద్ ఆ సందులో సన్నటి స్టీలు రేకు దూర్చి కొలిచేవాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కు, ఇంకో కొన చెవికి ఆనించి వినేవాడు. "ముందు రేకు, వెనక చెవి" అని ఆయన చెప్పిన దాంట్లో ఎల్లేష్‌కు చెవి ఒక్కటే గుర్తుండిపోయింది. నలుగురు చూస్తుండగా కళ్లు మూసుకుని స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకోవడంలో ఉన్న దర్జా రేకు దూర్చడంలో ఎక్కడుంది? తన రేకుల కట్టతో ప్లగ్గుల మసి గీక్కునేవాడు.

యాభై మూడో ఏట, ఒక ఎండాకాలం పొద్దున, మాధురి మేడం బండి తెచ్చింది. నారాయణగూడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పాత గిరాకీ.

"ఎల్లేషన్నా, మొన్న నువ్వు ట్యాపెట్లు సెట్ చేసిన సంది టకటక అంటుంది."

ఎల్లేష్ కళ్లు మూసుకుని విన్నాడు. "ఏం లేదు మేడం. మక్ఖన్ లెక్క మెత్తగ నడుస్తుంది."

వారానికి మళ్లీ వచ్చింది. హెల్మెట్ వదులై అదే చప్పుడు చేస్తోందన్నాడు. ఇంకో వారానికి మళ్లీ వచ్చింది.

"ఫ్లైఓవర్ కింద పోతరు గదా, ఆడ ఏ బండైనా గట్లనే మోగుతది."

"నేను బర్కత్‌పుర నుంచి వస్తా అన్నా. ఫ్లైఓవర్ దిక్కే రాను."

ఎదురుగా చాయ్ పోస్తున్న బీరయ్య ఊరుకోలేదు. "కుట్టుమిషన్ లెక్క కొడుతుంది గదనే! ఈడిదాంక ఇనబడుతుంది నాకు."

ఎల్లేష్‌కు ఆ చప్పుడైతే వినబడలేదు కానీ ఆ మాట మాత్రం బాగా వినబడింది. పౌరుషం వచ్చింది. ట్యాపెట్లు చూడాలంటే రెండు చిన్న మూతలు విప్పితే చాలు. పరువు దక్కాలంటే అంత తక్కువ పని సరిపోదు గనక, "టైమింగ్ కూడా చూస్త" అంటూ ఇంజన్ పైకప్పే ఊడదీశాడు. చైన్ వదులు చేసి, వాల్వులను వేళకు తెరిపించే క్యామ్ పళ్ల చక్రం బయటికి తీశాడు. బీరయ్యకు తన పనితనం గురించి ఉపన్యాసం ఇస్తూనే మళ్లీ బిగించాడు. కిక్ కొట్టాడు. బండి పుట్‌పుట్‌మని, సైలెన్సర్‌లోంచి ధడేల్‌మని ఒకటి పేల్చి ఆగిపోయింది. ఆ పేలుడు మాత్రం ఎల్లేష్‌కు బ్రహ్మాండంగా వినబడింది.

పన్నెండోసారి కిక్ కొట్టేసరికి చెమటలు పట్టాయి. కప్పు మళ్లీ విప్పాక మాధురి వంగి చూసింది.

"అన్నా, ఈ చక్రం మీద రెండు చుక్కలున్నయి. రెండూ ఈ అంచుకు సమానంగ ఉండాల్నా?"

"ఉండాలె."

"ఒకటి పైకుంది, ఒకటి కిందికుంది."

చైన్ ఒక పన్ను తప్పి కూర్చుంది. నేర్చుకునేవాళ్లు మొదటి నెలలో చేసే తప్పు. ఎల్లేష్ చక్రం తీశాడు. ఇంజన్ పక్కన తిరిగే మ్యాగ్నెట్ చక్రం మీది 'టి' గీతను ఇంజన్ కేసు మీది గాటుకు కలిపాడు, రెండు చుక్కలనూ అంచుకు తెచ్చాడు, చైన్ వేశాడు, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూశాడు. ఈసారి ఉపన్యాసం లేదు.

ఇక ట్యాపెట్లు. గీకీ గీకీ తన రేకులు అరిగిపోయాయి. స్పేర్ పార్ట్స్ దుకాణానికి తానే నడిచి వెళ్లి ఫీలర్ గేజ్, అంటే కొత్త రేకుల కట్ట, అడిగాడు.

"నీకెందుకన్నా గేజ్?" దుకాణం రాజీవ్ ఆశ్చర్యపోయాడు.

"నాకు కాదు, బామ్మర్దికి," అన్నాడు ఎల్లేష్. ఆయన బామ్మర్ది టైలరు.

అప్పటికి ఇంజన్ చల్లబడింది. రేకు దూర్చితే గాలికి ఊగినట్టు ఊగింది. సందు రెండింతలుంది! స్క్రూ తిప్పి, రేకు కొంచెం పట్టి జారేలా చేసి, నట్టు బిగించి, బిగించేటప్పుడు స్క్రూ కదిలిందేమోనని మళ్లీ దూర్చి చూశాడు. మాధురి స్టార్ట్ చేసి నవ్వింది. "పోయిందన్నా!" పోయిందేమిటో ఎల్లేష్‌కు తెలియదు. ముందూ వెనకా ఆయనకు ఒకటే తీరు.

ఇంటికెళ్లి భార్య బుగ్గమ్మతో మెల్లగా అన్నాడు, "నాకు జర ఇనబడుతలేదేమో."

"నాలుగేండ్ల సంది చెప్తున్న," అంది బుగ్గమ్మ. "గదీ ఇనబడలే నీకు."

హిమాయత్‌నగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్లింది. హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినబడగానే బటన్ నొక్కమన్నారు. ఎల్లేష్ బుద్ధిగా వేలు బటన్ మీద పెట్టుకుని, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి డాక్టరు హెడ్‌ఫోన్ తీసి, "అయిపోయింది," అన్నాడు. మాటలు వినబడుతున్నాయట, సన్నటి చప్పుళ్లు పోయాయట. ట్యాపెట్ చప్పుడు ఆ పోయినవాటిలోదే.

చెవికి మిషన్ పెట్టుకుని షెడ్డుకు వచ్చిన రోజును తలచుకుంటే ఎల్లేష్‌కు ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. గల్లీలో బండ్లు పోతున్నాయి. టకటక. ఇంకోటి. టకటక. లైబ్రరీకి పోయే పిల్లల బండ్లు, పాల విఠల్ బండి, అన్నీ తన చేతి పనే. ఊళ్లోని కుట్టుమిషన్లన్నీ చక్రాలు తొడుక్కుని తన ముందు ఊరేగుతున్నట్టుంది. రోడ్డుకు అడ్డంపడి ఒక్కొక్కరినీ ఆపాడు. "ఆదివారం తీసుకరా. పైస వద్దు. తప్పు నాదే."

ఆ ఆదివారం పదకొండు బండ్లు వచ్చాయి. ఎల్లేష్ పొద్దుటి నుంచి రేకు పట్టుకుని కూర్చున్నాడు. అన్నిటికీ రేకు ముందు, చెవి వెనక. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి పరీక్షలకు చదివే సురేశ్ తన బండి తీసుకుని వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చాడు.

"అన్నా, ఇంజన్‌ల ఏమో ఖరాబైంది. చప్పుడే వస్తలేదు."

"రావద్దు తమ్మీ. గట్లనే ఉండాలె."

"గట్లెట్ల? కొన్నప్పటి సంది వస్తుండె గదా. నువ్వే చెప్పినవు, గది మంచి ఇంజన్ చప్పుడని."

ఎల్లేష్ చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు.