సన్యాసమ్మ అడ్డపొగ

రోజూ తెల్లారగానే సన్యాసమ్మ చేసే మొదటి పని చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకోవడం. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీవాళ్ల ఫ్యాక్టరీ ఊరు బీర్‌గావ్ వచ్చి ముప్పై ఏళ్లయినా ఆ అడ్డపొగ మానలేదు. నిప్పు లోపలుంటే చేతులు రెండూ ఖాళీ. అలాగే బియ్యం ఏరేది, నాలుగేళ్ల మనవరాలు లహరిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేసేది. పాలు మరిచిన దగ్గర్నుంచీ ఆ పిల్ల పడక నాన్నమ్మ పక్కనే.

బయటికి పొగ ఊదే మగవాళ్లంటే సన్యాసమ్మకు ఒళ్లుమంట. అందులోనూ పక్క గదిలో ఉండే ఫ్యాక్టరీ కార్మికుడు, కరీంనగర్ వెంకటస్వామి అంటే మరీను. ట్యాంకరు వస్తే అతను ముందు ఆమె బిందె నింపి గుమ్మంలో పెట్టేవాడు. "నువ్వు తెచ్చిన నీళ్లక్కూడా బీడీ కంపేరా" అంటూనే ఆమె అందుకునేది.

ఆ వానాకాలం లహరికి ఆయాసం పట్టుకుంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే మానాలన్నాడు డాక్టరు. సన్యాసమ్మ తిన్నగా వెళ్లి వెంకటస్వామి గుమ్మం ముందు నిలబడింది.

"ఓరి బాబూ, నీ పొగ నా పిల్ల గుండెల్లో దూరిపోతంది. మొగోడివి, బీడీముక్క ఒగ్గలేవేటి? సిగ్గు నేదా?"

"నువ్వు చుట్ట తాగుతలేవా అక్కా?"

"నాది అడ్డపొగరా! నిప్పుతో సహా నాలోనే ఉంతాది. నీలాగ ఊరందరికీ పంచను."

అతను లోపలికి వెళ్లాడు. బీడీకట్ట తెచ్చి ఆమె ఎదుటే మురుగుకాలవలో పడేశాడు. నెలంతా బీడీ మీదికి మనసు పోతుంటే లవంగాలు నములుతూ డ్యూటీకి పోయాడు.

"ఒగ్గీసినాడట, మహా ఘనుడు!" అని ఆమె మూతి తిప్పింది.

నెల తిరిగింది. పిల్లికూతలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. సన్యాసమ్మ పిల్లను తీసుకుని, కోడలు సంధ్యతో కలిసి మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది. పక్కింటివాడు బీడీ మానేశాడని డాక్టరుకు గట్టిగా చెప్పింది. పిల్ల వీపు మీద గొట్టం పెట్టడానికి వంగిన డాక్టరు జడ దగ్గర ఆగి వాసన చూశాడు.

"ఫిర్ యే కిస్‌కా ధువా?" ఈ పొగ మరి ఎవరిదని అడిగాడు.

సంధ్య తల దించుకుంది. లహరి మాత్రం మురిపెంగా చెప్పింది: "అది మా నాన్నమ్మ వాసన."

ఎవరూ సన్యాసమ్మను ఒక్క మాట అనలేదు. ఆటోలో జల్లు కొడుతుంటే సంధ్య ఆమె మోకాళ్ల మీదికి తన కొంగు కప్పింది. సన్యాసమ్మ అది మరీ భరించలేకపోయింది. వెంకటస్వామిని తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తనకు సరిగ్గా సరిపోయాయి. నిప్పు నేను మింగి, పొగ తెచ్చి దేవుడిచ్చిన పిల్ల నెత్తిన పోశాను, ముసలి దరిద్రాన్ని, అనుకుంది.

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తున్న వెంకటస్వామిని గుమ్మం దగ్గర ఆపింది.

"తమ్ముడూ, రేపే మానెస్తానని ఒట్టేస్తే అబద్దమైపోద్ది. ఇంటికొచ్చి ఒకటి కాల్సీసినాను కూడాను. నాను ఒగ్గీదాకా పిల్లని నా పక్కలో తొంగోబెట్టొద్దని సంధ్యతో నువ్వు సెప్పు. నా నోట ఆ మాట రాదు."