పద్నాలుగో రూలు, బుల్లబ్బాయి లారీ

బుల్లబ్బాయి పుట్టింది ద్రాక్షారామం పక్క పల్లెలో. తండ్రి ఎడ్లబండి మీద ధాన్యం బస్తాలు మిల్లుకి తోలేవాడు. కొడుక్కి ఎద్దుల మీద మనసు పోలేదు. ఏడో తరగతి అవగానే రామచంద్రపురం వెళ్లి ఓ లారీ మీద క్లీనరుగా చేరాడు. టార్పాలిన్లు కట్టాడు, టైర్లు మార్చాడు, డ్రైవరు కునికిపాట్లు పడుతుంటే కబుర్లు చెప్పి మెలకువగా ఉంచాడు. కొన్నేళ్లకి తనే స్టీరింగు పట్టాడు. పదహారేళ్లు ఒకే యజమాని, చివరి పన్నెండేళ్లూ ఒకే లారీ. అంబాజీపేట కొబ్బరికాయలు, మండపేట ధాన్యం, కడియం మొక్కలు, ఏది ఎక్కించినా సమయానికి దించేవాడు.

తొంభై ఒకటిలో యజమాని లారీలు మానేసి చేపల చెరువుల్లో దిగాడు. పోతూ పోతూ, "ఇంకెవరి చేతికిచ్చినా దీన్ని ఏడాదిలో పాత ఇనుము చేసేస్తారు. నువ్వే ఉంచుకో," అని ఆ లారీని బుల్లబ్బాయికే అమ్మాడు. బుల్లబ్బాయి ముందద్దం పైన 'భీమేశ్వరా' అని రాయించాడు. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దున్న తన ఒంటికి స్నానం అయ్యేలోపు లారీకి అయ్యేది.

ఆ లారీ సంపాదనతోనే రాజమండ్రి ఊరి చివర శ్రీనికేతన్ కాలనీలో పక్కపక్కనే రెండు ప్లాట్లు కొన్నాడు. ఒకదాంట్లో ఇల్లు, రెండోదాంట్లో లారీకి చోటు. అతను ఇల్లు కట్టుకునేనాటికి అక్కడ మూడిళ్లే ఉన్నాయి. తరవాత లేచిన ఇళ్లలో సగానికి ఇసకా ఇటుకా తోలింది అతనే. రోడ్డుకి గ్రావెలు తోలిందీ అతనే.

ఇళ్లు నలభై ఎనిమిది అయ్యేసరికి కాలనీకి ఓ సంక్షేమ సంఘం వచ్చింది. అధ్యక్షుడు కామేశం గారు. కోనసీమ మనిషి, కాలవల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాలవలో నీళ్లు కూడా రూలు ప్రకారమే పారాలనుకునే తత్వం. కార్యదర్శి మణిశంకర్ కుర్రవాడు, ఏదో కంపెనీలో ఆఫీసరు. రెండువేల నాలుగులో సంఘం నియమావళి అచ్చువేయించి ఇంటింటికీ పంచారు. అందులో పద్నాలుగో రూలు: కాలనీ హద్దుల్లో బరువు వాహనాలు నిలపరాదు. కాలనీ మొత్తానికి బరువు వాహనం ఒక్కటే.

బుల్లబ్బాయి గొడవ పడలేదు. పదిమందీ కలిసి పెట్టుకున్న రూలు కదా అని లారీని హైవే మీద పెట్రోలు బంకు పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు నడక. రెండో వారంలో ఓ రోజు తెల్లారి వెళ్లి చూస్తే స్టెప్నీ లేదు, బ్యాటరీ లేదు. అద్దం మీద ఎవరో వేలితో బొమ్మలు గీశారు. బుల్లబ్బాయి తువ్వాలు తీసి ఆ బొమ్మలు తుడిచి, ఫుట్‌బోర్డు మీద చాలాసేపు కూచున్నాడు. ఇరవై ఐదేళ్ల లారీకి ఇంక రోజులు చెల్లాయని, తుక్కు కింద ఇచ్చేయమని మణిశంకర్ అంతకుముందే సలహా చెప్పి ఉన్నాడు. అమ్మేద్దామా అని ఇంటికొచ్చి భార్యనడిగాడు.

భార్య రాజరత్నం పదో తరగతి చదివింది. కాలనీలో ఆవిణ్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, 'లారీ వాళ్లావిడ' అనేవారు. ఆవిడ అమ్మమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నియమావళి పుస్తకం తెచ్చి మొదటి పేజీ నుంచి పైకి చదివింది. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఏ రూలైనా మార్చవచ్చని చివర్లో ఉంది. పుస్తకం మూసి, కామేశం గారిని ఏమడగాలో భర్తకి చెప్పింది.

మర్నాడు పొద్దున్న బుల్లబ్బాయి కామేశం గారింటికి వెళ్లాడు. ఆయన కుర్చీ చూపించినా నిలబడే అడిగాడు.

"కామేశం గారండి, ఆ రూలు లారీ మీద పెట్టారాండి, లారీ వల్ల వచ్చే ఇబ్బంది మీద పెట్టారాండి?"

కామేశం గారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఇబ్బంది మీదే," అన్నారు చివరికి.

"అయితే ఆ ఇబ్బందేంటో కాగితం మీద రాసివ్వండి. అది లేకుండా చేసుకునొస్తాను."

ఆయన ఫిర్యాదులన్నీ తిరగేసి మూడు ముక్కలు రాసిచ్చారు. పొగ. తెల్లవారుజామున మోత. రోడ్డు మీద నూనె మరకలు. ఈ మూడూ లేవని సర్వసభ్య సమావేశంలో రుజువైతే, రూలు మార్చమని తానే ప్రతిపాదిస్తానన్నారు. మాట మీద నిలబడే మనిషని బుల్లబ్బాయికి తెలుసు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా ఆటోనగర్ వెళ్లాడు.

అక్కడ మెకానిక్ వెంకన్న ఉన్నాడు. ఆ ఇంజను పాట పుట్టినప్పట్నుంచీ విన్నవాడు. కాగితం చదివించుకుని నవ్వి, మొత్తం విప్పాల్సిందే అన్నాడు. మూడు నెలలు పట్టింది. ఇంజను దింపి బోరు చేయించారు, పిస్టన్లు మార్చారు. డీజిలు పంపు, నాజిళ్లు పరీక్ష పెట్టి సరిచేయించారు. కొత్త సైలెన్సరు వేశారు. నూనె కారే సీళ్లన్నీ తీసి పారేసి కొత్తవి వేశారు. బుల్లబ్బాయి పొట్టకూటికి పగలు వేరేవాళ్ల లారీ తోలేవాడు, సాయంత్రం వచ్చి లారీ కింద వెంకన్న పక్కన వెల్లకిలా దూరేవాడు. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు మళ్లీ పొగొచ్చింది. వెంకన్న నిబ్బరంగా ఓ నాజిలు విప్పి చూపించాడు, దానికి వెంట్రుకంత పగులు. అదీ మార్చారు.

రెండువేల ఐదు ఫిబ్రవరిలో ఓ ఆదివారం సమావేశం. ముందురోజు సాయంత్రమే లారీని సంఘం షెడ్డు ముందు పెట్టించి, కామేశం గారు దాని కింద స్వయంగా న్యూస్‌పేపర్లు పరిచారు. పొద్దున్న అందరూ చూస్తుండగా వాటిని బయటికి తీశారు. పేపరు పేపరులాగే ఉంది, ఒక్క చుక్క లేదు.

మోత సంగతి తేల్చాల్సింది అమ్మణ్ణి గారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్, లారీ మోతకి నిద్ర పట్టట్లేదని ఫిర్యాదిచ్చింది ఆవిడే. బుల్లబ్బాయి స్టార్టు చేశాడు. ఆవిడ చెవి ఒగ్గి విని, "మా మిక్సీ ఇంతకన్నా గట్టిగా అరుస్తుంది," అంది.

ఇక పొగ. కామేశం గారు ఇస్త్రీ మడత విప్పని తెల్ల రుమాలు తీసి సైలెన్సరు గొట్టానికి అడ్డంపెట్టి, ఏక్సిలరేటరు తొక్కమన్నారు. బుల్లబ్బాయి తొక్కాడు. రాజరత్నం ఆడవాళ్ల వరసలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. రుమాలు ఎత్తి చూపిస్తే మధ్యలో విభూతి అంటినట్టు లేత బూడిదరంగు మచ్చ, అంతే.

మణిశంకర్ లేచి, ఇదంతా ఇవాళ్టి ముచ్చటే, రేపు మళ్లీ మామూలే అన్నాడు. పైగా కాలనీలోకి వచ్చేవాళ్లకి లారీ కనబడితే చూడ్డానికి బాగోదన్నాడు. చూడ్డానికి బాగోకపోవడం రాసుకున్న అభ్యంతరాల్లో లేదని కామేశం గారు అడ్డుకున్నారు. రూలన్నాక అందరికీ ఒకటే ఉండాలి కాబట్టి మణిశంకర్ డీజిలు కారుకీ రుమాలు పెట్టి చూడమంది అమ్మణ్ణి గారు. కారు కొని రెండేళ్లే. రుమాలు రెండో సగం అడ్డంపెట్టారు. తీసేసరికి అట్లపెనం అడుగులా ఉంది. షెడ్డులో నవ్వులు లేచాయి. మణిశంకర్ మొహం దించుకున్నాడు.

బుల్లబ్బాయి మాత్రం నవ్వలేదు. దగ్గరికెళ్లి మెల్లిగా, "గాలి ఫిల్టరు మూసుకుపోయినట్టుందండి. రేపు తీసుకురండి, బాగుచేసిస్తాను," అన్నాడు. తరవాత అందరివైపూ తిరిగాడు. అంతమంది ముందు మాట్లాడ్డం అతనికి అదే మొదలు.

"రోడ్డుకి గ్రావెలు తోలానని చెప్పుకోడానికి రాలేదండి. డబ్బులు తీసుకునే తోలాను. ఈ లారీ మా అన్నం గిన్నె అండి. అన్నం గిన్నెని ఊరి బయట పెట్టుకుని ఎవరికి నిద్దరపడుతుందండి?"

కామేశం గారు ప్రతిపాదన చదివారు. సొంత స్థలంలో నిలుపుకోవచ్చు. పొద్దున్న ఆరు లోపు స్టార్టు చేయకూడదు. నూనె కారకూడదు. కాలనీలో హారను కొట్టకూడదు. చేతులెత్తమన్నారు. నలభై ఎనిమిదిలో నలభై ఒకటి లేచాయి. కాసేపాగి ఇంకోటి లేచింది, మణిశంకర్‌ది.

బుల్లబ్బాయి లారీ ఎక్కబోతుంటే రాజరత్నం వచ్చి అటువైపు తలుపు తీయమంది. కాలనీలో నలుగురి కళ్లముందు ఆవిడ ఎప్పుడూ లారీ ఎక్కలేదు. ఆ రోజు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కి, కాబిన్‌లో దర్జాగా కూచుంది. లారీ మొదటి వీధి మలుపు తిరిగాక పక్కకి వంగి హారను నొక్కింది. ఒకసారి కాదు, ఇల్లు చేరేదాకా నొక్కుతూనే ఉంది. షెడ్డు దగ్గర ఎవరో కామేశం గారివైపు చూశారు.

"మినిట్స్ పుస్తకంలో సంతకాలు ఇంకా కాలేదు. రూలు అమల్లోకి రాలేదు," అన్నారాయన, కలం మూత తియ్యకుండా.

ఆ లారీ తరవాత ఇంకో ఆరేళ్లు తిరిగింది. రెండువేల ఏడులో బుల్లబ్బాయిని సంఘం కమిటీలోకి ఎన్నుకుని రోడ్ల బాధ్యత అప్పజెప్పారు. కమిటీ కాగితాలన్నీ రాజరత్నం రాసేది, కింద అతను సంతకం పెట్టేవాడు.