మెడికల్ బోర్డు ముందు నౌరూజలీ

మా ఆయన నౌరూజలీని ఎవరు పలకరించినా ఒకటే జవాబు: "దేవుడి దయ, బ్రహ్మాండంగా ఉన్నాను." ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడి కూడా అదే అంటాడు. మా దెజ్‌ఫుల్ ఊళ్లో నలుగురి ముందు బాధ చెప్పుకోవడం మర్యాద కాదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

యుద్ధంలో చిత్తడి నేలల దగ్గర విషవాయువు కమ్మినప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్లు. మెడలో గుడ్డ తడిపి ముక్కుకి కట్టుకుని, పడిపోయినవాళ్లను మోసి అంబులెన్సు ఎక్కించాడట. తను మాత్రం ఎక్కలేదు. కళ్లు కడుక్కుని మళ్లీ కాపలాకి పోయాడు. యుద్ధం అయ్యాక రొట్టెల కొట్టు పెట్టాడు, నన్ను చేసుకున్నాడు. నలభై దాటగానే కొట్టు అమ్మేశాడు. "విసుగొచ్చింది" అన్నాడు. నమ్మాను.

గాయపడ్డ సైనికులకు ప్రభుత్వం మందులూ యంత్రాలూ ఇస్తుంది. వెళ్లి అడగవయ్యా అంటే కస్సుమనేవాడు. "నా పక్కనున్నవాళ్లు మట్టిలో కలిసిపోయారు. బతికొచ్చినవాణ్ణి, నా దగ్గుకి వెల కట్టమని పోనా?" అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అమ్మనైనా అడిగే రకం కాదు.

పోయినేడు దుమ్ము తుఫాన్లకి పెదవులు నీలంగా మారాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం లేకపోతే వచ్చే వేసవి దాటడని డాక్టరు తేల్చేశాడు. అది మేం కొనగలిగేది కాదు. అప్పుడు కదిలాడు మహానుభావుడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెద్దల ముందు దగ్గితే బాగుండదని గుమ్మంలోనే ఇన్‌హేలర్ పీల్చి మరీ, ఆ సాయం ఎవరికివ్వాలో తేల్చే మెడికల్ బోర్డు ముందుకి వెళ్లాడు. ఎలా ఉన్నావని అడిగితే ఏమన్నాడో వేరే చెప్పాలా? తిప్పి పంపేశారు.

నేను వెళ్లి బోర్డు గుమస్తా మీద విరుచుకుపడ్డాను. "అక్కయ్యా, నోరు నీకుంది, జబ్బు ఆయనకుంది. ఇంకొక్కసారి పిలుస్తారు, అదే ఆఖరు. ఆయనే చెప్పుకోవాలి" అన్నాడతను.

ఈ మాట విన్నాక నౌరూజలీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తనంతట తనే బస్సెక్కి అహ్వాజ్ వెళ్లాడు. ఆనాడు అంబులెన్సు ఎక్కలేదు కాబట్టి ఆసుపత్రి కాగితాల్లేవు; అందుకని తోటి సైనికుణ్ణి వెతికి పట్టుకుని, విషవాయువు తనకీ తగిలిందని సాక్ష్యం చెప్పించాడు. ఇక మిగిలింది బోర్డు.

ఆ రోజు వరండాలో మా వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

"పీల్చకు" అన్నాను.

"లోపల దగ్గు తెర వస్తేనో?"

"రానీ. వాళ్లు చూడాల్సింది అదే."

"మనిషికి పరువుండాలే, తూబా!"

"అయితే ఆ పరువే పీల్చుకుని బతుకు!"

కోపంగా చూశాడు. కాసేపు ఇన్‌హేలర్‌ని గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. చివరికి నా చేతిలో పెట్టాడు. అప్పుడు భయం నాకు పట్టుకుంది. లోపల ఏమన్నా అయితే చేజేతులా చంపుకున్నదాన్ని అవుతాను.

బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న చిన్న వయసు డాక్టరమ్మ తలెత్తి, "ఎలా ఉన్నారు బాబాయ్?" అంది.

"దేవుడి దయ..." అన్నాడు.

పళ్లబిగువున నోరు మూసుకున్నాను. ఆయన ఛాతీలో పిల్లికూతలు గదంతా వినపడుతున్నాయి.

"బాగాలేనమ్మా" అన్నాడు. "నాలుగడుగులు వెయ్యలేను. పొయ్యి ముందు నిలబడలేకే కొట్టు అమ్మేశాను. పడుకుంటే ఊపిరి ఆగిపోతుంది. నిద్రలోనే పోతానేమోనని భయం. తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చుంటాను. మా ఆవిడ లేచేసరికి, నమాజుకి ముందే లేచినట్టు నటిస్తాను."

నాకన్నా ముందే లేచే భక్తుడని వీధి వీధంతా గొప్పలు చెప్పుకున్నదాన్ని నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. మనిషి రెండుగా వంగిపోయాడు. ఇన్‌హేలర్ పట్టుకుని పరుగెత్తాను. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, వాళ్లవైపే చూస్తూ దగ్గాడు.

"ఇచ్చెయ్యండమ్మా, చూశాం!" అని అరిచింది డాక్టరమ్మ. తర్వాత పక్కవాళ్లతో, "యంత్రం ఈ వారమే అందాలి" అంది.

మెట్లు దిగుతుంటే నా భుజం పట్టుకున్నాడు. "తూబా, ఆగవే. ఆయాసంగా ఉంది" అన్నాడు.

పెళ్లయ్యాక ఆ మాట నాతో అనడం అదే మొదలు. వచ్చేపోయేవాళ్లకి అడ్డమైనా సరేనని, అక్కడే మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం.