గుట్టకిచ్చిన మాట

కోరుట్ల చర్చిలో ఆ ఆదివారం పూజ ముగిసే ముందు, ఆ చర్చినీ దాని కిందున్న ఊళ్లనూ చూసుకునే విచారణ గురువు మనోహర్ ఫాదర్ మైకు దగ్గరికి వచ్చి ఒక ప్రకటన చదివారు. "మన విచారణకు చెందిన నర్సన్న, సమ్మవ్వల కుమారుడు డీకన్ దివాకర్ వచ్చే నెలలో గురుపట్టం పొందబోతున్నారు. ఇందుకు ఆటంకం ఏదైనా ఉన్నట్టు ఎవరికైనా తెలిస్తే విచారణ గురువుకు తెలియజేయవలసింది." పెళ్లికి ముందు పేర్లు చదివినట్టే, డీకన్‌గా ఉన్న మనిషిని పూర్తి ఫాదర్‌ని చేసేముందు కూడా ఇలా మూడు ఆదివారాలు చదువుతారు. అది ఆచారం. ఎవరూ లేచి ఏమీ చెప్పరు. ఆ సంగతి చదివే ఫాదర్‌కూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు.

తెలియనిది ఒక్క సమ్మవ్వకే. ఆమె అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పే మనిషి. దారిలో ఎవరైనా "బాగున్నవా" అంటే ఊరికే తలూపి ఊరుకోదు, మోకాలి నొప్పి దగ్గర మొదలుపెడుతుంది. అలాంటామెను పట్టుకుని మైకులో ఆటంకాలు చెప్పమంటే ఏమవుతుంది! పూజ అయ్యాక ఆడవాళ్లంతా చుట్టూ మూగి, "నీ కడుపు సల్లగుండ సమ్మవ్వా, ఫాదర్‌కు తల్లివైతున్నవు" అంటుంటే ఆమె వాళ్ల మధ్యలోంచి తప్పుకుని ఇంటిదారి పట్టింది. ఎందుకంటే కొడుకు పట్టానికి ఆటంకం ఒకటుందని ఆమె నమ్మకం. దాన్ని తెచ్చిపెట్టింది కూడా తనే.

సమ్మవ్వది సిరిసిల్ల. పుట్టింది నేత ఇంట్లో. తండ్రి షెడ్డులో మరమగ్గాలు నడిచేవి. కోరుట్ల నుంచి నర్సన్న పనికోసం ఆ షెడ్డుకే వచ్చాడు. ఆ మోతలో పక్క మనిషి మాట వినబడదు, అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. వీళ్లిద్దరి సైగలు పనిని దాటి ఎటో వెళ్లాయి. పెళ్లయ్యాక పుట్టింటి తలుపులు మూసుకుపోయాయి. నర్సన్న వాళ్లు తాతల నాటి నుంచి క్రైస్తవులు కాబట్టి ఆమెకు జ్ఞానస్నానం ఇచ్చి అన్నమ్మ అని పేరు పెట్టారు. అది చర్చి రాతలో ఉండిపోయింది. జనం నోట్లో మాత్రం సమ్మవ్వ సమ్మవ్వగానే మిగిలింది. పుట్టింటి నుంచి తల్లి పోచమ్మ ఒక్కతే మొగుడి కన్నుగప్పి బస్సెక్కి వచ్చిపోయేది.

దివాకర్‌కు ఇంకా ఏడాది నిండలేదు, ఫిట్స్ మొదలయ్యాయి. నర్సన్న అప్పటికే మస్కట్‌లో ఉన్నాడు. జగిత్యాల డాక్టరు మందులిచ్చాడు, ఇచ్చినా తగ్గలేదు. చంకలో పిల్లాడు కట్టెలా బిగుసుకుపోతుంటే చూడలేక పోచమ్మ, "కొండగట్టు అంజన్న తాన్కి పోదాం నడు, ఎవలకూ చెప్పకు" అంది. సమ్మవ్వ ఎవరికీ చెప్పలేదు. గుట్టెక్కి, ఆంజనేయుడి ముందు పిల్లాడిని రెండు చేతులమీద పెట్టుకుని, "బతికియ్యి స్వామీ, బతికిస్తే వీడు నావోడు కాదు, నీవోడే. నీ సేవకే ఇచ్చుకుంట" అని మొక్కింది. ఆ నెలలోనే ఫిట్స్ తగ్గుముఖం పట్టాయి. మందు పనిచేసిందా, గుట్ట పనిచేసిందా అని ఆమె ఎప్పుడూ వాదించుకోలేదు. రెంటికీ దండం పెట్టుకుంది.

దండమైతే పెట్టుకుంది గానీ, ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది. చర్చికి వెళ్లే ఇంట్లో ఉంటూ అంజన్నకు కొడుకును ఎలా ఇస్తుంది? ఈ సంగతి తెలిసిన పోచమ్మ కూడా కాలం చేసింది. కరీంనగర్ బస్సు కొండగట్టు కిందుగా పోయిన ప్రతిసారీ సమ్మవ్వ గుట్టవైపు కాకుండా రెండో వైపు కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. అప్పు ఇచ్చినవాడి ఇంటిముందు నుంచి పోయేవాళ్లెవరైనా అంతే కదా.

దివాకర్ పదో తరగతి పాసయ్యాక సెమినరీకి పోతానన్నాడు. ఒక్కగానొక్క కొడుకు, ఫాదర్ అయితే పెళ్లీ పిల్లలూ ఉండవు. నర్సన్న నోరు తెరిచేలోపే సమ్మవ్వ "పోనియ్" అంది. నర్సన్న ఆశ్చర్యపోయాడు. ఆమె లెక్క ఆమెకుంది. ఏ గుడైతేనేం, వాడు దేవుడి ఇంట్లోనే ఉంటాడు, గుట్టమీది స్వామి కొంచెమైనా ఊరుకుంటాడని ఆశ.

సెమినరీ అంటే అంత తొందరగా అయ్యే చదువు కాదు. గంట కొడితే లేవాలి, గంట కొడితే మౌనం, గంట కొడితే తోటపని. ఇంటర్, డిగ్రీ, తత్వశాస్త్రం, మధ్యలో ఏదో ఊరి చర్చిలో ఒక ఏడాది పని, ఆ తరువాత వేదశాస్త్రం. పెద్ద ఫాదర్లు ప్రతి ఏడూ పిలిచి, "ఎందుకు వచ్చావు? ఇంట్లో ఎవరైనా తోశారా?" అని అడుగుతారు. సెలవుల్లో దివాకర్ ఇంటికొస్తే తెల్ల అంగీ మేకుకు తగిలించి, లుంగీ కట్టుకుని తల్లి పక్కన కూర్చునేవాడు. ఆమె తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతుంటే వాడు వాటి మూతులు మడిచేవాడు. వాడి చేతులకు కూడా తంబాకు వాసన పట్టేది. "ఫాదర్ కావాల్సిన బ్రదర్‌వి, చేతులు గిట్ల కంపు కొట్టొద్దురా" అని ఆమె సబ్బు అందించేది.

వాడితోపాటు వెళ్లినవాళ్లలో మధ్యలో తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. మల్లాపూర్ మహిపాల్ అలాగే వచ్చేసి మొబైల్ షాపు పెట్టుకున్నాడు. పెళ్లయింది, పిల్లలున్నారు, మంచివాడు. అయినా జనం వాడిని "సగం ఫాదర్" అనే పిలుస్తారు. మన జనానికి ఒకడి కడుపు నింపడం రాదు గానీ పేరు పెట్టడం బాగా వచ్చు. మహిపాల్ తల్లి సిగ్గుతో ఎన్నో నెలలు చర్చి గడప తొక్కలేదు.

రెండో ఆదివారం కూడా ఫాదర్ అదే ప్రకటన చదివారు. ఆ రోజు సమ్మవ్వ అన్నం ముట్టలేదు. ఏమైందని నర్సన్న గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పేసింది. గల్ఫ్ నుంచి వచ్చేసి ఇంటిపట్టున ఉంటున్న నర్సన్న తల పట్టుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది చెప్పలే. ఇంకొక్క నెల ఆగలేవా?"

"అడుగుతున్నరు గదయ్యా, మైకుల."

"మైకుల మస్తు అడుగుతరు. అన్నిటికీ నువ్వే చెప్పాల్నా?"

మర్నాడు ఆమె చర్చి పక్కనున్న ఫాదర్ బంగ్లాకు వెళ్లింది. మనోహర్ ఫాదర్ విన్నారు. మొదట్లో నవ్వొచ్చింది గానీ, ఆమె కొంగు చివర ముడివేసి, విప్పి, మళ్లీ ముడివేయడం చూసి నవ్వు మింగేశారు.

"సమ్మవ్వా, నువ్వు మొక్కినందుకు వాని పట్టం ఆగదు. మా చట్టంల గిది ఆటంకమే కాదు."

"నిజమేనా ఫాదర్?"

"నిజమే. గని ఇంకో ముచ్చట ఉన్నది. పట్టానికి ముందుగాల, ఎవల బలవంతం లేకుంట నా ఇష్టంతోటే అడుగుతున్న అని వాడు సొంతంగ రాసియ్యాలె. నువ్వు వాన్ని పసిపిల్లగాడున్నప్పుడే ఇచ్చేసినవని వానికి ఎరికేనా?"

"ఎరికలేదు."

"అయితే చెప్పాల్సింది నాకు కాదమ్మా, వానికి."

ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మీకు చెప్పిన, వానికి చెప్త. మరి గుట్టమీది ఆయనకు ఎవలు చెప్పాలె ఫాదర్?"

"దానికి నా తాన జవాబు లేదమ్మా" అన్నారు ఫాదర్. అబద్ధం చెప్పకుండా అంతే అన్నారు.

ఆ వారంలో దివాకర్ ఇంటికి వచ్చాడు. నాలుగు రోజులుండి తరువాత, పట్టానికి ముందు చేసే ధ్యానానికి పోవాలి. మధ్యాహ్నం తల్లి అరుగుమీద బీడీల చాట ముందేసుకుని కూర్చుంటే వాడూ వచ్చి పక్కన చేరాడు. సమ్మవ్వ చేతిలో ఆకు వైపే చూస్తూ, గుట్ట సంగతి మొదటి నుంచి చెప్పింది. చెబుతుండగానే వాడి చేతులు ఆగిపోయాయి.

"అయితే నేను మొక్కునా అమ్మా? నీ కొడుకును కానా?"

ఆమె చేతిలో ఆకు చాటలో పెట్టేసింది.

"ఏడాదికోసారి అడుగుతరు, ఇంట్ల ఎవలన్న తోసిండ్రా అని. ఎవలూ తోయలేదని పదమూడేండ్ల సంది చెప్తున్న నేను."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సమ్మవ్వకు ప్రాణం పోయినంత పనైంది. ఇన్నేళ్ల చదువు తన నోటితో తనే కూల్చుకుందని ఏడ్చింది. పొద్దుగూకే వేళకు వాడు వచ్చి గడపలో కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఎదురుగా కూలబడింది.

"ఇను కొడుకా. మొక్కింది నేను, నోరు నాది. నీకు అప్పటికి మాటలే రాలే. నా మాట నీ మీద లేదు. నీకు మనసుంటేనే ఫాదర్‌వి గా, లేదంటే ఇంటికి రా. సగం ఫాదర్ అంటరు, అననీ. నేనేమన్న సగం అన్నం పెడ్తనా నీకు?"

దివాకర్ తల మోకాళ్లలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పుకొచ్చాడు. తత్వశాస్త్రం రెండో ఏడులో ఒకసారి పెట్టె సర్దుకున్నాడట. ఇంటికి వస్తే అమ్మ మహిపాల్ తల్లిలా అయిపోతుందని భయపడి మళ్లీ విప్పేశాడట.

"తర్వాత?" అంది ఆమె.

"తర్వాత ఇష్టమైంది. నిజంగనే ఇష్టమైంది. గని గా భయం ఒక మూలకు ఉండె. ఇంటికి రా అని ఇంతవరకు నాతోని ఎవలూ అనలే అమ్మా."

"ఇప్పుడు నేను అంటున్న గద."

"గందుకే ఇప్పుడు రాస్త. ఎవల బలవంతం లేదని రాస్త" అని లేచి, కాళ్లు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. ఆమె నిండా పెట్టింది.

వాడు ధ్యానానికి వెళ్లిపోయాక సమ్మవ్వ ఒక్కతే బస్సెక్కి కొండగట్టు దగ్గర దిగింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. గుట్టపైన జనంలో నిలబడి, "వాన్ని ఇయ్యలేను స్వామీ. వాడు నా సొత్తు కాదు, అప్పుడు నాకు తెల్వలే. నాది ఏదున్నదో గదే ఇస్త" అని చెప్పుకుని మంగలి ముందు కూర్చుంది. నెరిసిన జుట్టు ఒళ్లో రాలుతుంటే ఎన్నో ఏళ్ల తరువాత ఆమెకు మనసు తేలికపడింది.

ఇంటికొచ్చాక నర్సన్న కొయ్యబారిపోయాడు. "బిషప్ వస్తడే! గీ గుండుతోని వస్తవా పట్టానికి?"

"కొంగు కప్పుకుంట."

పట్టం రోజు చర్చి ముందు షామియానాలు వేశారు. దివాకర్ తెల్ల బట్టల్లో బలిపీఠం ముందు నేలమీద బోర్లా పడుకున్నాడు. జనమంతా పునీతుల పేర్లు ఒక్కొక్కటే పాడుతుంటే సమ్మవ్వ కూడా పాడింది. బిషప్ వాడి తలమీద చేతులుంచారు, అరచేతులకు పరిశుద్ధ తైలం పూశారు. పూజ అయ్యాక కొత్త ఫాదర్ మొదటి ఆశీర్వాదం తల్లిదండ్రులకే ఇస్తాడు. జనం వరసగా నిలబడి ఆ చేతులు ముద్దుపెట్టుకోవడానికి ఎదురుచూస్తున్నారు.

నర్సన్న పక్కన సమ్మవ్వ మోకరించి తల వంచింది. పట్టుచీర కొంగు కదా, నిలవలేదు, జారింది. వెనక ఆడవాళ్లు గుసగుసలాడారు. మొలకలెత్తుతున్న ఆ గుండు చూసి దివాకర్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. కొంగు సర్దలేదు. తైలం వాసన పోని అరచేతులు రెండూ ఆ బోడితలమీద పెట్టాడు. ఆశీర్వాదం మాటలు చెప్పాల్సిన చోట "అమ్మా" అని మాత్రం అన్నాడు, అని ఎంతసేపటికీ చేతులు తీయలేదు.

సమ్మవ్వ కళ్లు మూసుకుని ఆ చేతుల బరువు మోసింది. తరువాత తల ఎత్తకుండానే మెల్లగా అంది:

"కానియ్ కొడుకా, ఎనక లైన్ల మంది ఉన్నరు."