ఎద్దు లాడం వేసిన కారు

ఆ రోజుల్లో ఏలూరులో మోటారు కార్లు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే ఉండేవి గాని, మోటారు కార్ల గురించి సమస్తమూ తెలిసినవాళ్ళు మాత్రం వీధికి నలుగురు చొప్పున ఉండేవారు. కారున్నవాడు దాని బాగోగులతో సతమతమవుతూ నోరు మెదపడు. లేనివాడికి ఆ ఇబ్బంది లేదు కనుక ఎంతసేపైనా మాట్లాడగలడు. నేను ఈ రెండో తెగవాణ్ణి. ఇంటర్మీడియెటు తప్పి, మళ్ళీ కట్టడానికి మనసొప్పక, ఉద్యోగానికి అర్జీ పెట్టడానికి చెయ్యి రాక, సాయంత్రమయ్యేసరికి స్టేషను వెనక మా బావ షెడ్డుకు చేరేవాణ్ణి. (షెడ్డంటే తాటాకు పాక. కారు లోపలుంటే మేము బయట నిలబడాలి.)

మా బావంటే మేనత్త కొడుకు. అప్పటికే రెండు మూడు చేతులు మారిన కారొకటి కొని బాడుగకు తిప్పుతుండేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో అది తిరిగేది, మిగతా రోజుల్లో బావ దాన్ని తుడిచేవాడు. మా మామయ్యకు తివాసీల వ్యాపారం. కొడుకు తుడుపు చూసి చూసి విసిగిపోయి, దసరాలోగా ఖాయమైన బాడుగ ఒకటి కుదిరిందా సరే, లేదా కారమ్మేసి వచ్చి కొట్లో ఉన్ని తూకం దగ్గర కూర్చోవలసిందేనని తేల్చి చెప్పాడు. బావకు ఉన్ని వాసన తగిలితే తుమ్ములు మొదలయ్యేవి, ఆగేవి కావు. "నన్ను జైల్లో పెట్టినా సరేరా, అక్కడ ఉన్నుండదు" అనేవాడు నాతో.

ఇంత దిగులు నెత్తిమీదున్నా షెడ్డు దగ్గర హాస్యానికి లోటుండేది కాదు. దానికి పెద్ద దిక్కు, మేము గేరు మేష్టారని పేరుపెట్టుకున్న ఆయన. మిషన్ బళ్ళో లెక్కలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు, ఏ రోజూ కారు నడిపి ఎరగరు. ఆయన ఏదైనా చెప్పేటప్పుడు ముఖంలో ఒక్క నరం కదిలేది కాదు. టైరు గాలి గొట్టానికి ఇత్తడి మూత పెడితే గంటకు అయిదు మైళ్ళు పెరుగుతుందని ఆయనే సెలవిచ్చారు. హారను బూరకు కొత్త రబ్బరు వేస్తే ఎత్తులెక్కేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందన్నారు. (ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఎత్తెక్కడుందో నాకు ఈనాటికీ తెలియదు.) పొగగొట్టం చివర కొల్లేటి తుంగ చుడితే ఇంజనుకు చలవ చేస్తుందన్నది మాత్రం నా కల్పన. మేష్టారు దాన్ని కాసేపు ఆలోచించి, పచ్చితుంగే వాడాలని సవరించారు. ఆ సవరణతో నేను పరీక్ష ప్యాసయినంత సంబరపడ్డాను.

అలాంటి ఒక సాయంత్రం పెంటపాడు కామందుగారొకరు షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు. పొలం గట్ల తగాదాలతో ఆయనకు ఏలూరు కోర్టులో వాయిదాలెక్కువ. రైలు కోసం పడిగాపులు పడలేక, ప్రతి వాయిదాకూ కారు మాట్లాడుకుందామని ఆయన ఉద్దేశం.  బావ గబగబా కుర్చీ వేసి, కారు చుట్టూ తిప్పి చూపించి, ఇన్ని గుర్రాల బలమండీ అని గర్వంగా చెప్పాడు. కామందుగారు వంగి చక్రాల కిందకు చూశారు. రెండోవైపుకు వెళ్ళి అక్కడా చూశారు.

"అన్ని గుర్రాలున్నాయంటున్నారు, ఒక్కదానికీ లాడం లేదేవండీ?"

బావ నోరు తెరిచేలోగా మేష్టారు అందుకున్నారు. "వేయిస్తే మంచిదేనండి. లాడానికో గుర్రం కలుస్తుంది."

"మాది ఎడ్ల ఊరండి. గుర్రపు లాడాలు దొరకవు. ఎద్దు లాడం పనికొస్తుందాండీ?"

"ఎద్దు లాడమైతే వేగం రాదండి. లాగుడొస్తుంది."

కామందుగారు కండువాతో మెడ తుడుచుకుని చాలాసేపు ఆలోచించారు. "నాక్కావలసింది లాగుడేనండి. మా ఊరి దారి మీరు చూళ్ళేదు" అని చెప్పి, మళ్ళీ వస్తానని లేచి వెళ్ళిపోయారు.

నేను పాక వెనక్కి పోయి నవ్వుకుని వచ్చేసరికి బావ ఏడుపు ముఖంతో మేష్టారి చేతులు పట్టుకుని ఉన్నాడు. వచ్చిన లక్ష్మిని ఎగతాళి చేసి పంపేశారనీ, ఇక తనకు ఉన్ని కొట్టే గతి అనీ వాపోతున్నాడు. మేష్టారు కూడా మొదటిసారి కొంచెం కంగారుపడ్డారు. కాని ఆ వారంలోనే కామందుగారు తిరిగి వచ్చారు. కండువా కొంగున కట్టుకొచ్చిన కొత్త లాడాలు విప్పి బల్లమీద పోశారు. ఇవి బిగించి తమను పెంటపాడు దాకా ఒకసారి తీసుకెళ్ళి దింపితే, నచ్చితే బాడుగ ఖాయం చేస్తామన్నారు. హాస్యానికన్నామండీ అని చెప్పే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనుక దాని లాడమూ రెండు ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క కుడి, ఏ ముక్క ఎడమ అని మేష్టారు నిజంగానే తర్జనభర్జన పడ్డారు. చివరికి బావ ఫుట్‌బోర్డులకు బెజ్జాలు తొలిచి, అటూ ఇటూ వరసగా బోల్టులు వేసి బిగించాడు. ఒకవైపే కొడితే కుంటుతుందేమోనని కామందుగారు దగ్గరుండి చూసుకున్నారు.

తాడేపల్లిగూడెం దాకా కంకర రోడ్డుమీద కారు మా నలుగురితో హాయిగా పోయింది. అక్కణ్ణించి ఊరిదారి పట్టాక గాని ఆయన మాటకు అర్థం తెలియలేదు. ముందురోజు కురిసిన వానకు నల్లరేగడి పాయసంలా ఉంది. కొంతదూరం ఈదుకుంటూ వెళ్ళి, ఒక మలుపు దగ్గర కారు మెల్లగా ఒరిగి, ఇరుసు దాకా దిగబడిపోయింది. బావ ఎంత రొదపెట్టించినా చక్రాలు బురదను మా మీదకు చిమ్మడం తప్ప వేరే పని చెయ్యలేదు. నేనూ మేష్టారూ దిగి వెనకనుంచి నెట్టాం. మేష్టారి ఇస్త్రీ కోటు రంగేమిటో తెలియకుండా పోయింది. కామందుగారు మాత్రం లోపలే కూర్చుని, కాలవగట్టుమీద వెళ్తున్న తమ పాలేరును కేకేసి, బండెడ్లను విప్పుకు రమ్మన్నారు. బావ ఇంజను ఆపేశాడు. స్టీరింగుమీద తల ఆన్చి కూర్చున్నాడు. అతనికి అప్పుడే ఉన్ని వాసన తగిలినట్టుంది, తుమ్మాడు.

ఎడ్లు వచ్చాయి. మోకు కట్టారు. అవి రెండూ కారును ఒకసారి వాసన చూసి, తలలు వంచి, బురదలోంచి దాన్ని పెరికినట్టు లాగి గట్టెక్కించాయి. నేనూ మేష్టారూ బురద బొమ్మల్లా నిలబడ్డాం. కామందుగారు తీరిగ్గా దిగి, ఫుట్‌బోర్డు మీద లాడాన్ని బొటనవేలితో నొక్కి చూశారు.

"ఏవండీ మేష్టారూ, మీరు చెప్పినట్టే లాగుడొచ్చిందండి. కిందటేడు వేరే ఎవరిదో కారు దిగబడితే ఈ ఎడ్లే బెదిరి చేలకడ్డంపడి పోయాయి. ఇవాళ చూశారా, లాడాలు కనిపెట్టి తమలో కలుపుకున్నాయి." ఆయన ముఖంలో ఒక్క నరం కదల్లేదు. తర్వాత బావవైపు తిరిగి, "సోమవారం వాయిదా ఉంది బాబూ. ఇకమీదట మీరు రోడ్డుమీదే ఆగండి, అక్కడిదాకా నేను బండిలో వస్తాను. ఊళ్ళోకి మాత్రం తేవద్దు" అన్నారు. అలాగేనండి అనబోయి బావ మళ్ళీ తుమ్మాడు.

ఆయన నమ్మి అన్నారో, మమ్మల్ని ఆడించారో తేల్చుకోలేక తిరుగుదారిలో మేష్టారు కోటుకంటిన బురద గోటితో గీకుతూ కూర్చున్నారు. గూడెం దాటాక, సందె వెలుగులో, కారు ఆపమన్నాను. నలుగురూ చూసి నవ్వకముందే ఆ లాడాలు పీకేద్దామని నా ఆలోచన. బావ స్పానరు తీసుకుని దిగాడు, వంగాడు, మళ్ళీ లేచాడు.

"ఉండనీరా. బండి కాస్త హుషారుగా లాగుతోంది."

వేళాకోళమనుకుని అతని ముఖంలోకి చూశాను. కాదు. మేష్టారు గొంతు సవరించుకుని, తమకూ పొద్దుటినుంచి అలాగే తోస్తోందన్నారు. ఆ తరువాత నేను పత్రికల్లో చేరి, రుజువులేని మాట ఎవరు రాసినా కొట్టేయడమే వృత్తిగా తల పండించుకున్నాను. ఆ మాట మాత్రం కొట్టేయడానికి చేతులు రావు. ఏం చెయ్యను? ఏలూరు వచ్చేదాకా ఆ సాయంత్రం కారు నిజంగానే కొంచెం ఎక్కువ లాగింది.