నిలువెత్తు పటం

దుబాయిలో పాతికేళ్లుగా కోటీశ్వరుల బొమ్మలు వేసి బతుకుతున్న నూకరత్నం ఎవరి బొమ్మ వేయడానికి కూర్చున్నా ముందు ముఖం చూడదు, చేతులూ కాళ్లూ చూస్తుంది. కుంచె వెనక కొసను పళ్ల మధ్య కరిచిపట్టుకుని, ముక్కు కాస్త సన్నం చేసి, గడ్డం కింద కండ కాస్త తగ్గించి, ఎవరినీ నొప్పించకుండా పని ముగిస్తుంది. రాజాంలో రైసుమిల్లు ధనరాజు షష్టిపూర్తికి తన నిలువెత్తు పటం వేయమని కబురు పెడితే వారానికల్లా విమానం దిగింది. ఆమె ఎవరి కూతురో అతను అడగలేదు. చేప నాసిగా ఉందని ఇదే గుమ్మంలో అతను చేపలమ్ముకునే పోలమ్మ గంపను కాలితో తన్నినప్పుడు, తల్లి పక్కన కూర్చుని మట్టిలోంచి చేపలు ఏరింది ఎనిమిదేళ్ల నూకరత్నమే.

పూర్తయ్యేదాకా చూడకూడదని మాట తీసుకుని పది రోజులు అతన్ని పట్టుపంచెలో నిలబెట్టింది. షష్టిపూర్తినాడు బంధువులందరి ముందు తెర తీశారు. ముఖం అచ్చం అతనిదే, ముక్కు కూడా సన్నం చెయ్యలేదు. కుడికాలు మాత్రం గాల్లోకి లేచి ఉంది. దాని ముందు బోర్లాపడ్డ గంప, మట్టిలో చేపలు.

"ఏటిది?" అన్నాడు ధనరాజు.

"మాయమ్మ గంప బాబూ. పోలమ్మ కూతుర్ని నాను."

పటం దించమని అతను పనివాళ్ల మీద కేకలేశాడు. నల్లబడిన అతని ముఖాన్ని నూకరత్నం తనివితీరా చూసింది. అంతలో అతని భార్య లక్ష్మణమ్మ పటం దగ్గరికొచ్చి, లేచిన కాలువంక చాలాసేపు చూసింది.

"దించొద్దు, ఉండనీండి," అంది నెమ్మదిగా. "కాలు సరిగ్గా ఇలాగే లేస్తాది. నలబై ఏళ్లుగా సూస్తన్నాను."