మొదటి కోత, రెండో కాన్పు

2004లో అనకాపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రసూతి వైద్యురాలిగా చేరాను. ఒకప్పుడు ఆస్తిపాస్తులున్న మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటి మనిషిని నేను. అందుకు నామోషీ పడలేదు. పనిచేసి తీసుకునేది జీతం, దానం కాదు.

ఆ ఏడాదే మునగపాక నుంచి నూకరత్నం అనే నిండు గర్భిణి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. చెరకు పండించే కుటుంబం. మొదటి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండటంవల్ల సిజేరియన్ చేశారు. ఈసారి బిడ్డ తల కిందికే ఉంది. మామూలు కాన్పే కావాలని ఆమె పట్టు.

“కుట్ల నొప్పికి పిల్లని ఎత్తుకోనేకపోయేను డాక్టరమ్మా. ఈపాలి అలాగ కాకూడదు,” అంది.

అత్తగారు ఊరుకోలేదు. “దీని పౌరుషం పొయ్యిలో బెట్ట! లోపల కుట్టు ఊడిపోతే ఆళ్ళమ్మకి నానేటి సెప్పాలి? కోసీండమ్మా!”

ఆవిడ భయం అర్థంలేనిది కాదు. నొప్పుల ఒత్తిడికి గర్భాశయం మీది పాత మచ్చ చిట్లితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం. గర్భాశయాన్ని కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే ఆ ప్రమాదం తక్కువ. పైభాగంలో నిలువుగా కోసి ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నించనే కూడదు. పొట్టమీది మచ్చను చూసి లోపలి కోత ఎలాంటిదో చెప్పలేం. వాళ్ళ దగ్గర కాగితాలేవీ లేవు.

మొదటి ఆపరేషన్ చేసిన సర్జన్ అనకాపల్లిలోనే ఉన్నారు. ఆయన నర్సింగ్ హోము మా తాతగారు పోగొట్టుకున్న మేడలో నడుస్తోంది. ఆ గడప తొక్కకూడదని మా ఇంట్లో అనుకున్నాం. ఫోను చేస్తే తీరిక లేదన్నారు. వెళ్ళి, రోగులతోపాటు బెంచీమీద కూర్చున్నాను. ఆయన కేసు షీటు చూసి, కింద అడ్డంగానే కోశానని, కోత పక్కలకు చీలలేదని చెప్పారు. మళ్ళీ కోసేస్తే మీకూ నిద్ర, వాళ్ళకీ నిద్ర కదండీ అని నవ్వారు. నాకు కావలసింది తెలిసింది. కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను.

నొప్పులు వాటంతట అవే మొదలయ్యాయి. మత్తు డాక్టరుగారిని ఆసుపత్రి వదిలి వెళ్ళవద్దన్నాను. థియేటర్ సిద్ధం చేయించి, రక్తం తెప్పించి ఉంచాను. నొప్పులు పెంచే మందు ఇవ్వలేదు. మధ్యాహ్నం బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. అత్తగారు నా ముఖం చూసి లేచి నిలబడింది. పాత మచ్చ దగ్గర నొప్పి లేదు, రక్తస్రావం లేదు, తల్లి నాడి నిలకడగా ఉంది. నూకరత్నాన్ని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, చప్పుడు మరొక్కసారి తగ్గితే థియేటరుకే తీసుకెళ్తానని చెప్పాను. ఆమె తలూపింది. చప్పుడు కోలుకుంది, మళ్ళీ తగ్గలేదు.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది.

“మొండితనం తల్లిదే. సూడండి, ఎలాగ అరుత్తందో!” అంది అత్తగారు.

“గొంతు మాత్రం నీదేనత్తా,” అంది నూకరత్నం.

ఆ కాన్పు తరువాత నా పద్ధతి ఒకటి మారింది. నేను చేసిన ప్రతి సిజేరియన్‌కూ లోపలి కోత ఏ రకమో, ఆపరేషన్ ఎందుకు అవసరమైందో తెలుగులో రాసి తల్లి చేతికే ఇచ్చాను. తరువాతి కాన్పు ఏ ఊళ్ళో, ఏ డాక్టరు దగ్గర జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ వివరం తెలిస్తేనే ఆమెకు ఎంచుకునే వీలుంటుంది.